మంత్రిగారి ఉమ్మి పరీక్ష

తన అనుమతి లేకుండా ఒక్క వైరస్ కూడా పసిపిల్లల మెదడులో అడుగుపెట్టడానికి వీల్లేదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. వైరస్‌లు ఆ ప్రకటన చదివాయో లేదోగానీ అధికారులు చదివారు. నెల తిరక్కుండా పెద్దాసుపత్రి ల్యాబుకు యంత్రం దిగింది. పుట్టిన బిడ్డ నోట్లో దూది పుల్ల తిప్పి అందులో పెడితే చాలు, కడుపులో ఉండగానే సోకి మెదడునూ చెవులనూ దెబ్బతీసే వైరస్ జాడను రెండు గంటల్లో పట్టేస్తుంది.

ల్యాబ్ టెక్నీషియన్ పదిహేను రోజులు శిక్షణ పొంది ఉత్సాహంగా తిరిగొచ్చింది. వచ్చేసరికి యంత్రం మూతకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మంత్రిగారు కత్తిరించేదాకా ఎవరూ మూత తెరవకూడదట. అందుకు మొదట ఇచ్చిన తేదీన మంత్రిగారు పార్టీ మారుతూ రాలేకపోయారు. తర్వాత ఇచ్చిన తేదీన పాత పార్టీకి తిరిగి వచ్చేస్తూ రాలేకపోయారు. అంత పనిలోనూ మూడోసారి సోమవారం వస్తానన్నారు. అది ఆయన పెద్దమనసు.

ఆ సోమవారానికి ముందు బుధవారం పిల్లల డాక్టరమ్మ ఓ తల్లిని వెంటబెట్టుకుని ల్యాబుకు వచ్చింది. తల్లి ఒడిలో పద్దెనిమిది రోజుల ఆడపిల్ల. తల చిన్నదిగా ఉంది. ఎడమ చెవి దగ్గర చప్పట్లు కొట్టినా కదల్లేదు.

“శనివారంతో మూడు వారాలు నిండుతాయి, అది దాటితే పరీక్ష చేసినా లాభం లేదు,” అంది డాక్టరమ్మ. “కడుపులో సోకిందో పుట్టాక సోకిందో తేలదు. తేలితే నెలలోపే మందు మొదలుపెట్టాలి.”

తల్లి బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. రిబ్బను వంక చూసింది. టెక్నీషియన్ తిన్నగా సూపరింటెండెంటుగారి గదికి వెళ్లింది.

“రిబ్బను తెగితే నా ఉద్యోగం తెగుతుందమ్మా,” అన్నారాయన.

“తెంచను సార్. కాస్త పైకి జరుపుతాను.”

“జరపొచ్చని ఆర్డర్లో లేదే.”

“జరపకూడదనీ లేదు కదా సార్.”

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. “ఇది లేకపోతే నాకు ఎదురుగా ఉన్న మనిషే కనపడరు. రెండు గంటలు సరిపోతుందా?”

టెక్నీషియన్ బిగుతు గాజు తీసినట్టు రిబ్బనును మెల్లగా పైకి జరిపి మూత తెరిచింది. ఆ రెండు గంటలూ ఆమె కుర్చీలో కూర్చోలేదు. ఫలితం వచ్చింది. వైరస్ ఉంది. సాయంత్రానికి బిడ్డకు మందు మొదలైంది, రిబ్బను మళ్లీ కిందికి దిగింది.

సోమవారం మంత్రిగారు వచ్చి, ముడి దగ్గర ముడతలేమిటని అడగకుండానే కత్తిరించారు. ఆ తర్వాత ఎవరూ ఊహించని త్యాగానికి సిద్ధపడ్డారు.

“మొదటి పరీక్ష నాకే చెయ్యండి.”

“ఇది పసిపిల్లలకు సార్,” అంది టెక్నీషియన్.

“సార్ మనసు పసిపిల్లాడి మనసే. కానివ్వండి,” అన్నాడు పీఏ.

అప్పటికే మంత్రిగారు మైకు అందుకున్నారు. మాట్లాడే నోట్లో పుల్ల పెట్టడం మర్యాద కాదు గనుక, పీఏ దాన్ని ఆయన మాటల ముందు రెండుసార్లు ఆడించి ఇచ్చేశాడు. ప్రసంగం సరిగ్గా రెండు గంటలు సాగింది. యంత్రం శబ్దం చేసింది. టెక్నీషియన్ తెర వంక చూసి పీఏ చెవిలో చెప్పింది.

“పరీక్ష చెల్లలేదండీ. నమూనాలో మనిషి కణం ఒక్కటి కూడా దొరకలేదట. ఇది మనిషిది అని యంత్రం ఒప్పుకోవడం లేదు.”

“అవన్నీ జనానికెందుకు? లోపల ఏమన్నా ఉందా, లేదా?”

“ఏమీ లేదండీ.”

పీఏ మైకు లాక్కున్నాడు. “మంత్రిగారిలో ఏమీ లేదని యంత్రం తేల్చేసింది.”

చప్పట్లు ఆగలేదు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో అదే శీర్షిక. మంత్రిగారు పొంగిపోయి, ఆ రిపోర్టును ఫ్రేము కట్టించి ల్యాబు గోడకు తగిలించమని ఆదేశించారు.

మూడు నెలలకు ఆ తల్లి బిడ్డను తీసుకొచ్చింది. కుడి చెవి బాగుందని, ఎడమ చెవి ఇంకా బాగవలేదని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ మాత్రం పిలిస్తే నవ్వుతోంది. తల్లి ల్యాబు బల్ల మీద కూర్చుని గోడ మీది ఫ్రేమును ‘మనిషి కణం ఒక్కటీ దొరకలేదు’ అన్న ఆఖరి వరుస దాకా కూడబలుక్కుంటూ చదివింది.

“పాపం,” అంది టెక్నీషియన్‌తో. “ఈయనకీ మందు మొదలుపెట్టారా అమ్మా?”

“లేదమ్మా,” అంది టెక్నీషియన్, బిడ్డ నోట్లో పుల్ల తిప్పుతూ. “ఈయన వయసుకు పనిచెయ్యదు.”