మలుపులో లైటు, ఏడుగురు అధ్యక్షులు

వేర్పాటువాదం వర్ధిల్లాలి! తిట్టకండి, ముందు ఈ పరాయి దేశంలో మా టార్నీట్ పేట సంగతి వినండి.

స్టేషన్ నుంచి మా ఇళ్లకొచ్చే కాలిబాట మలుపులో లైటు లేదు. చలికాలం ఐదున్నరకే చిమ్మచీకటి. యూనివర్సిటీ నుంచి మా అమ్మాయి తన్మయి రోజూ ఆ దారినే రావాలి. ఆ లైటు కోసమే కాలనీవాళ్లమంతా ఒక సంఘం పెట్టుకున్నాం. ఒకరు అధ్యక్షుడు, మిగతావాళ్లం చప్పట్లు కొట్టే జనం. ఇన్ని డిగ్రీలు చదివి, ఇంత దూరం వచ్చి, ఉత్త మెంబరుగా బతకడమా?

అప్పుడు అవతరించారు హర్బన్స్ సింగ్ గారు! పంజాబ్‌లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చేసిన పెద్దాయన. నీలం తలపాగా, చేతిలో డ్యూటీ రోజులనాటి పొడుగాటి టార్చి. సంఘానికి కార్యదర్శి అయ్యారు. దీపావళి బ్యానరు మీద ఆయన పేరు వేసి, ‘రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్’ అని వేయడం మరిచిపోయారు మనవాళ్లు. అంతే, నిప్పు రాజుకుంది.

“మూర్తి జీ, ఇది సెల్ఫ్ రెస్పెక్ట్ మేటర్. స్టేషన్ వైపు వీధులన్నీ ఇక సెపరేట్,” అన్నారు నాతో.

వేరుపడటం తెలుగువాళ్లకి ఇంకొకరు నేర్పాలా? ఆయన ఒక గీత గీస్తే మనం ముగ్గే వేసేశాం. రామానుజం గారు పార్కు వీధిని విడదీశారు. అందులోంచి శ్రీపతి గారు పార్కుకి ఎడమవైపు విడిపోయారు. లలితకుమారి గారు వాళ్లాయన సంఘంలోంచే బయటికొచ్చి మహిళా సంఘం పెట్టారు. చూస్తుండగానే ఏడుగురు అధ్యక్షులు! ఉత్త మెంబర్లుగా మిగిలింది మా ఇల్లొక్కటే. ఆహా, ఏం వైభోగం! మమ్మల్ని తమవైపు లాక్కోవాలని పొద్దున ఒకరి పులిహోర, సాయంత్రం ఇంకొకరి సమోసాలు. చెప్పండి, సమైక్యతలో ఈ రుచులున్నాయా?

లైటు సంగతి చూడ్డానికి మున్సిపల్ కౌన్సిల్ ఆఫీసరు మా ఇంటికొచ్చాడు. ఏడు సంఘాలూ వరసగా శాలువాలు కప్పి, ప్రసంగించి, ఫొటోలు దిగాయి. ఇంకో మీటింగుకి టైమయిందని ఆయన వెళ్లిపోయాడు. గిఫ్టులు తీసుకోకూడదట, శాలువాలు మాత్రం తటస్థ ప్రాంతమైన మా సోఫా మీద వదిలేశాడు. లైటు మాట ఎవరూ ఎత్తలేదు.

“మీరైనా అడగొచ్చుగా సార్?” అన్నాను సింగ్ గారితో.

“ఒక్కో ప్రెసిడెంటుకి రెండే నిమిషాలు మూర్తి జీ. నా ఇంట్రడక్షన్‌కే సరిపోయింది.”

అయినా ఆ పెద్దాయన రోజూ సాయంత్రం టార్చి పట్టుకుని మలుపులో నిలబడి, పిల్లల్ని ఇళ్లకి చేర్చేవారు. రాజకీయం వచ్చినా పోలీసు బుద్ధి పోలేదు పాపం.

పోయినవారం ఆయనకి జ్వరం. స్టేషన్ నుంచి తన్మయి ఫోను. “డాడ్, సింగ్ అంకుల్ లేరు. ఇట్స్ రియల్లీ డార్క్.”

వెంటనే ఏడు గ్రూపుల్లో మెసేజి పెట్టాను. మలుపులోకి ఎవరైనా రండి, అని. స్పందన అద్భుతం! సింగ్ గారు త్వరగా కోలుకోవాలని ఏడు తీర్మానాలు వచ్చాయి. మనిషి ఒక్కరూ రాలేదు.

నేను కృతజ్ఞతలు టైపు చేస్తుండగానే మా ఆవిడ సుగుణ చెప్పులేసుకుని, ఫోను లైటు వెలిగించుకుని వెళ్లి పిల్లని తీసుకొచ్చింది. వచ్చి నా వంక చూడనైనా చూడలేదు, సోఫా వైపు చూసింది.

“ఏవండీ, ఆ శాలువా ఒకటి ఇటివ్వండి. రేపట్నించి మలుపులో నేనే నిలబడాలిగా, చలి చంపేస్తోంది.”