నిజం కత్తే కావల్ల

ఆ శనివారం పొద్దున, కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే బాగేపల్లిలో నూనె వ్యాపారి రామకృష్ణప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. అంగడి తెరవడు. మధ్యాహ్నం పెరుగన్నం తప్ప ఏమీ ముట్టడు. సాయంత్రం చంద్రకేతు మహారాజు వేషంలో స్టేజి ఎక్కి యుద్ధపద్యం పాడతాడు. జనంలోంచి ఒకే ఒక్క 'వన్స్ మోర్' వస్తుంది. ఆ తర్వాత ఆయనకు బతుకు మీద ఏ ఫిర్యాదూ ఉండదు.

పద్యనాటకంలో వన్స్ మోర్‌ను మించిన బిరుదు లేదు. పద్యం నచ్చితే జనం ఆ మాట అరుస్తారు. నటుడు కథను అక్కడే ఆపి మళ్ళీ పాడాలి. యుద్ధంలో చచ్చిపడిన రాజయినా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి.

నలభై ఏళ్ళుగా ఆ మాట అరవడంలో రామకృష్ణప్పను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చిన్నప్పుడు విదురాశ్వత్థ తిరునాళ్ళలో తండ్రి భుజాల మీద కూర్చుని మొదటి నాటకం చూశాడు. అప్పటినుంచి చిక్కబళ్ళాపురం కానీ, చింతామణి కానీ, ఎక్కడ హార్మోనియం మోగితే అక్కడ ముందువరసలో ఉండేవాడు. 'రత్నకంకణం' అంటే ఆయనకు ప్రాణం. 'మణిమంజరీ పరిణయం' ప్రాణం కంటే ఒక మెట్టు కింద. ఇక 'చంద్రకేతు విజయం' అంటే అంగడి, ఇల్లు, తన పేరు, ఏదీ గుర్తుండేది కాదు. ఆ పద్యాలన్నీ నూనె కొలుస్తూ పాడేవాడు. రాగం సాగినంతసేపూ నూనె పోసేవాడు కాబట్టి నాటకమంటే గిట్టనివాళ్ళు కూడా ఆ అంగడికే వచ్చేవాళ్ళు.

ఇన్నేళ్ళలో ఆయన వన్స్ మోర్ ఇచ్చాడే కానీ పుచ్చుకోలేదు. ఇప్పుడు చంద్రకేతు వేషగాడికి మోకాలి ఆపరేషన్ అయింది. పద్యాలన్నీ నోటికి వచ్చిన మనిషి ఊళ్ళో ఈయనొక్కడే. నాటకం నేర్పే హార్మోనియం మేష్ట్రు ఆంజనప్పకు ఇష్టం లేకపోయినా వేషం ఇవ్వక తప్పలేదు. ఇష్టం లేకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు మేష్ట్రు స్వయంగా రాజు వేషం కట్టి అరగంట రాగం తీస్తే, ముందువరసలో కూర్చున్న రామకృష్ణప్ప చేతిలో ఉన్న శెనక్కాయలు వలుచుకుంటూ ఉండిపోయాడు.

"ఆ దినం నువ్వు నాకియ్యలేదు. ఈ దినం ఊరు నీకిస్తాదేమో చూస్తాం," అన్నాడు మేష్ట్రు పొద్దున ఆఖరి రిహార్సల్లో.

రామకృష్ణప్ప జవాబుగా పద్యం ఎత్తుకుని కత్తి ఝళిపించాడు. వెండిరంగు పూసిన ఆ కట్టె కత్తి స్తంభానికి తగిలి రెండు ముక్కలైంది. పై ముక్క ఎగిరి మేష్ట్రు కాఫీలో పడింది.

ఇంటికి వచ్చి భార్య లక్ష్మీదేవమ్మతో చెప్పుకున్నాడు. "ఎట్లన్నా ఒక్క వన్స్ మోర్ రావల్ల. నువ్వు ఆడోళ్ళ పక్కనుంచి అరిస్తే మిగిలినోళ్ళు అందుకుంటారు."

"పద్యం నచ్చితే అరుస్తా," అంది ఆమె చింతపండు పిసుకుతూ. "మొహమాటానికి నూనె పోసేది మీరు. నేను కాదు."

ఆయన చింతామణిలో ఉండే మంజునాథకు ఫోన్ చేశాడు. మంజునాథ అంగడిలో దొరకనిది లేదు. షామియానాలు, నాటకం పరదాలు, కిరీటాలు, పెండ్లి ఊరేగింపుకు గుర్రం, అన్నీ అద్దెకు ఇస్తాడు. తుమకూరు పక్కనుంచి వచ్చి అంగడి పెట్టిన కన్నడిగుడు కనుక తెలుగు సగం అర్థమవుతుంది, మిగతా సగం ఊహించుకుంటాడు.

"మంజునాథా, కట్టెది నాకొద్దప్పా. అది ఇరిగిపాయ. నాకు నిజం కత్తే కావల్ల."

"నిజం కత్తేనా సార్?"

"నిజం కత్తే."

"ఒందా, జోడీనా?"

"జోడీనే. ఒకదానితో ఏం జరుగుతాది?"

"అదూ నిజానే. కొంచెం వయసైనవి ఉండావి సార్. పరవాలేదా?"

"పాతదానికుండే గౌరవం కొత్తదానికి యాడుంటాది? ఊరంతా చూస్తాది, తళతళలాడల్ల. కుచ్చులు గూడా కట్టించు."

"నూనె రాసి తుడిచి పంపిస్తా సార్. ఎరడక్కూ ఒళ్ళె గుణ, రెండిటికీ మంచి గుణం. ఎవరినీ ఏమీ చేయవు. తాడు పంపించేదా?"

"తాడెందుకప్పా, నా నడుముకు పటకా ఉండాది."

"ఆయ్తు సార్. ఎవరి పద్ధతి వాళ్ళది," అని మంజునాథ ఫోన్ పెట్టేశాడు.

కత్తుల గుణం కూడా చూసి పంపే మనిషి ఈ కాలంలో ఉన్నాడా అని రామకృష్ణప్ప ముచ్చటపడ్డాడు.

రాత్రి పదింటికి మైకు ఆపాలని పోలీసులు చెప్పడంతో నాటకాన్ని సాయంత్రం నాలుగింటికే పెట్టారు. సంతమైదానంలో స్టేజి వెనుక రామకృష్ణప్ప కిరీటం పెట్టుకుని, అద్దంలో మీసం సరిచూసుకుంటూ ఉండగా టెంపో వచ్చి ఆగింది.

"అప్పా, మంజునాథ సార్ పంపించినారు," అన్నాడు దాంతో వచ్చిన కిశోర్ అనే మనిషి. "యాడ దించల్ల?"

"ఈడనే దించు. జాగర్త. ఒరలోనుంచి తీయద్దు."

"ఒర లేదప్పా. తాడే ఉండాది."

రామకృష్ణప్ప అద్దంలోనుంచే చూశాడు. తన మీసం వెనుక రెండు పొడుగు చెవులు కనిపించాయి. వాటి పక్కన ఇంకో రెండు. తిరిగి చూస్తే రెండు గాడిదలు. నూనె పట్టించిన ఒంటితో తళతళలాడుతున్నాయి. మెడలో పూసలు, కుచ్చులు. నుదుట పెండ్లి బాసికాలు.

కన్నడంలో గాడిదను 'కత్తె' అంటారు. ఈ సంగతి బాగేపల్లిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. రామకృష్ణప్పకూ తెలుసు. కత్తిని కత్తి అని వదిలేసి ఉంటే కత్తే వచ్చేది. తెలుగువాడి లక్షణం కొద్దీ నొక్కి చెప్పాడు.

ఆయన ఫోన్ తీశాడు. "మంజునాథా, గాడిదలు వచ్చినాయి."

"చెన్నాగిదావా సార్? బాగుండావా?"

"నేనడిగింది కత్తప్పా. కత్తి. యుద్ధంలో పట్టుకునే కత్తి."

"కత్తినా? నిజం కత్తే అంటిరి కదా సార్. కత్తి అంటే కత్తి, కత్తె అంటే కత్తె. వచ్చేసారి సరిగ్గా చెప్పండి." తర్వాత మంజునాథ గొంతులో కొంచెం నొచ్చుకున్నట్టు వినిపించింది. "వానకోసమని బాసికాలు నేనే ఊరికే కట్టించినా సార్."

వాన అన్న మాట విన్నాక రామకృష్ణప్పకు అసలు భయం మొదలైంది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చేలల్లో శెనక్కాయ చెట్లు తల వాల్చేశాయి. వాన కోసం గాడిదలకు పెండ్లి చేయడం ఆ చుట్టుపక్కల తెలిసిన ఆచారమే. అందుకే ఫోన్లో మంజునాథ అంత భక్తిగా మాట్లాడాడు.

"ఈటిని ఎవరూ చూడకముందే టెంపో ఎక్కించు," అన్నాడు కిశోర్‌తో.

అప్పటికే తిమ్మక్క చూసింది. ఊళ్ళో ఏ పెండ్లి జరిగినా పాట ఎత్తుకునేది ఆమే. రెండెకరాల శెనక్కాయ ఎండిపోతున్న రైతు కూడా. ఆమె గాడిదలను చూసి, బాసికాలను చూసి, రెండు చేతులూ జోడించింది.

"రామకిష్ణప్పా, నీ కడుపు చల్లగుండ. ఊర్లో ఎవరికీ పుట్టని బుద్ధి నీకు పుట్టె."

"పెండ్లికి కాదు తిమ్మక్కా. ఇవి పొరపాటున వచ్చినాయి."

"బాసికం కట్టుకోని పొరపాటున ఎవరన్నా వస్తారా?"

"నాటకం ఉండాది కదమ్మా. టైమయిపోతాది."

"కట్టిన బాసికం పెండ్లి కాకుండా ఇప్పితే, వచ్చే వాన గూడా ఎనక్కి పోతాది. శెనక్కాయ ఎండిపోతే నువ్వు నూనె దేంట్లోనుంచి తీస్తావు నాయనా?"

నూనె వ్యాపారి కిశోర్‌ను ఆగమని చేయి ఊపాడు.

పావుగంటలో పసుపు వచ్చింది, మామిడాకులు వచ్చాయి, నాదస్వరం వచ్చింది. మైకువాడు "నాటకానికి ముందు గాడిదల కల్యాణం" అని అడగకుండానే చాటించాడు. నాటకానికి నాలుగు వరసలు కూడా నిండని మైదానంలో నిలబడటానికి చోటు లేకుండా పోయింది. హైవే మీద పోయే బస్సులు ఆగి చూశాయి. నీడ ఉన్న చోటు స్టేజి ఒక్కటే కనుక పెండ్లి స్టేజి మీదే అన్నారు. కిరీటం పెట్టుకున్న రాజు ఒకడు సిద్ధంగా ఉన్నాడు కనుక కన్యాదానం ఆయన చేతుల మీదే అన్నారు.

ఆడపెండ్లివారు వరుడి కాళ్ళు కడగాలి. చంద్రకేతు మహారాజు చెంబు పట్టుకుని వంగాడు.

"రెండు కడిగి లేస్తావేమప్పా," అన్నాడు ఆంజనప్ప మేష్ట్రు హార్మోనియం వెనుకనుంచి. "మీ అల్లుడికి ఇంగా రెండుండాయి."

తలంబ్రాలు పడేసరికి పొద్దు వాలింది. పెండ్లి భోజనమంటూ బెల్లం, అటుకులు పంచారు. మేష్ట్రు గడియారం చూసి, మొదటి అంకం ఎత్తేశామని చెప్పాడు. చంద్రకేతు పుట్టడు, పెరగడు, ప్రేమించడు. నేరుగా యుద్ధానికి వస్తాడు.

"గాడిదలనన్నా దించండి," అని బతిమాలాడు రామకృష్ణప్ప.

"అక్షింతలు పడిన జంటను అప్పుడే సాగనంపుతారా?" అంది తిమ్మక్క. గాడిదలను స్టేజి కుడిపక్క స్తంభానికి కట్టేశారు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కనుక కిశోర్ తన చేతిలోది ఇచ్చాడు. అది గాడిదలను తోలే కట్టె. పొద్దున కట్టె వద్దు కత్తే కావాలని అడిగిన మనిషికి సాయంత్రానికి రెండూ దొరికాయి.

పరదా లేచింది. మైదానం నిండా జనం. ముందువరసలో తాను కూర్చునే చోట లక్ష్మీదేవమ్మ కూర్చుని ఉంది. రామకృష్ణప్ప కళ్ళు మూసుకున్నాడు. విదురాశ్వత్థ తిరునాళ్ళు, తండ్రి భుజాలు గుర్తుకొచ్చాయి. కట్టె పైకెత్తి పద్యం అందుకున్నాడు. నిజం చెప్పాలంటే బాగానే పాడాడు. నలభై ఏళ్ళు నూనెతో పాటు జారిపోయిన రాగమంతా ఆ పూట గొంతులోకి తిరిగి వచ్చింది. చివరి మాట "సమరమునకున్" దగ్గర పైస్థాయికి వెళ్ళి నిలిచాడు. ఊపిరి ఉన్నంతసేపూ నిలిచాడు. ఊపిరి అయిపోయింది.

ఆయన ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కడ పెండ్లికొడుకు అందుకున్నాడు.

గాడిద మెడ సాచి, ఆకాశానికి మూతి ఎత్తి, అదే శ్రుతిలో, అదే స్థాయిలో, రాగాన్ని మూడు మెట్లు దింపి ముగించింది. మేష్ట్రు వేళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి. రామకృష్ణప్ప కళ్ళు తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఇక జీవితంలో ఉండదనుకున్నాడు.

అప్పుడు ముందువరసలోనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"వన్స్ మోర్."

ఆ గొంతు ఆయనకు తెలుసు. కళ్ళు తెరిచేలోపు మైదానమంతా అందుకుంది. వన్స్ మోర్ అన్నాక పాడకుండా పోవడం చంద్రకేతుకు చేతనవుతుందేమో కానీ రామకృష్ణప్పకు చేతకాదు. మళ్ళీ పాడాడు. గాడిదా మళ్ళీ అందుకుంది. ఈసారి వధువు కూడా కలిసింది. మళ్ళీ వన్స్ మోర్. మూడోసారి "సమరమునకున్" దగ్గర కిరీటం మీద టప్పుమని ఏదో పడింది. తర్వాత ముక్కు మీద. తర్వాత మీసం రంగు కరిగి నోట్లోకి వచ్చింది.

వాన.

ఎవరూ పరుగెత్తలేదు. తిమ్మక్క చెంగు నడుముకు చుట్టి అక్కడే పాట ఎత్తుకుంది. నాటకంలో మిగిలిన యుద్ధం, విజయం, పట్టాభిషేకం అన్నీ వానలో కొట్టుకుపోయాయి. మేష్ట్రు హార్మోనియం మీద దుప్పటి కప్పుతూ రాజు దగ్గరకు వచ్చాడు.

"శ్రుతి తప్పలేదప్పా," అన్నాడు.

"నాదా, దానిదా?"

మేష్ట్రు వాన చప్పుడుకు వినపడనట్టు వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున అంగడి గుమ్మంలో నీళ్ళు ఎత్తిపోస్తూ రామకృష్ణప్ప భార్యను అడిగాడు. "నిజం చెప్పు. నిన్న వన్స్ మోర్ అన్నది నాకా, గాడిదకా?"

"ఇద్దరూ ఒకే శ్రుతిలో ఉంటిరి," అంది లక్ష్మీదేవమ్మ. "యాడని గుర్తుపట్టేది?" ఆ మాట అని లోపలికి పోతూ ఆగింది. "మొదటిసారి అన్నది మీకే. ఆ తర్వాతవి నాకు తెలీవు."

ఆయన నీళ్ళు ఎత్తిపోయడం ఆపాడు. ఆ ఒక్కటీ చాలుననుకునేలోపు ఫోన్ మోగింది. దిబ్బూరహళ్ళి నాటక సంఘం వాళ్ళు.

"మీ పద్యం గురించే మాట్లాడుకుంటాండారప్పా అందరూ. మా ఊర్లో గూడా చుక్క వాన లేదు. మీరు వచ్చి పాడల్ల."

రామకృష్ణప్ప గొంతు సవరించుకున్నాడు. "తప్పకుండా వస్తా. ఏ నాటకం ఎత్తుకుంటాం? 'రత్నకంకణం' గూడా నాకు నోటికే వస్తాది."

"నాటకం మీ ఇష్టమప్పా. ముందు ఆ గాడిదకు ఏ దినం వీలవుతాదో కనుక్కోండి. ఆ దినం మీరు ఖాళీ చేసుకోండి."

ఫోన్ పెట్టేసి రామకృష్ణప్ప గుమ్మంలో మిగిలిన వాన నీళ్ళు ఎత్తిపోశాడు. తర్వాత చింతామణికి ఫోన్ చేసి, మంజునాథ పోయినసారి చెప్పింది గుర్తుపెట్టుకుని, సరిగ్గా చెప్పాడు.

"మంజునాథా, నిజం కత్తే కావల్ల."