చెక్క కనబడేదాకా

మా మేడ కిటికీల రంగులో సీసం ఉందో లేదో తేల్చే పరీక్ష జయప్రదంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

దీనికంతటికీ కారణం మా మనవరాలు. ఏడాదిన్నర పిల్ల. పళ్ళు వచ్చిన నాటి నుంచి కిటికీ చెక్క కొరకడమే దాని పని. తిండి మానేసి వాడిపోతుంటే డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించి, ఒంట్లో సీసం చేరిందని తేల్చింది. "పాత రంగుల్లో ఉంటుందమ్మా. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి పరీక్ష చేస్తారు. మీ కిటికీలో ఉందని తేలితే పొరలన్నీ తీయించేస్తారు. ఇంకా చేరితే పిల్ల మెదడుకే ముప్పు" అంది.

మేడ సంఘం కార్యదర్శిగారు బాధ్యత తెలిసిన మనిషి. పరీక్షకు వచ్చే ఉద్యోగికి పెచ్చులూడిన కిటికీలు చూపిస్తామా అని, ముందు రోజే అన్నిటికీ ఆకుపచ్చ రంగు పూయించారు. "పసిపిల్లల ఆరోగ్యం విషయంలో ఈ సంఘం దేనికీ వెనుదీయదు" అని ఉపన్యసించారు. చప్పట్లలో నావే గట్టివి.

మర్నాడు రంగు నమూనాలు తీసుకెళ్ళే అబ్బాయి చిన్న కత్తీ, సంచులూ పట్టుకుని వచ్చాడు.

"చెక్క కనబడేదాకా గీకాలండి. సీసం అడుగు పొరల్లో ఉంటుంది."

"నిన్ననే వేశారు బాబూ. పక్కింట్లో గీక్కో" అన్నాను.

"మన పిల్ల కోసమే కదా అత్తయ్యా" అని కోడలు గొణిగింది.

"ఏ కిటికీ అయితేనేం? అన్నిటికీ ఎప్పుడూ ఒకే రంగు వేశారు కదే."

నా మాటలో తప్పు లేదు. పక్కింటావిడా అదే అంది. "మాది వీధిలోకి కనబడుతుంది నాయనా, పైకి వెళ్ళు." పైవాళ్ళు కిందికి పంపారు. నలభై కిటికీలూ తిరిగి పాపం మెట్ల కింద కూలబడ్డాడు. నమూనా లేకుండా వెళ్ళడానికి నిబంధనలు ఒప్పుకోవు. అక్కడే మిగిలిన ఆకుపచ్చ డబ్బా ఉంది. అందులోంచి చెంచాడు తీసి, సంచిలో పోసి, మేడ నంబరు రాసుకున్నాడు. సాక్షిగా నేనే అక్షరాలు కూడబలుక్కుని సంతకం చేశాను.

సీసం లేదని కాగితం వచ్చింది. పొరలు తీసే పని రద్దయింది. కాగితానికి పటం కట్టించి మెట్ల దగ్గర వేలాడదీశారు.

నిన్న చూస్తే మనవరాలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. అది కొరికినచోట ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద పసుపు, ఆ కింద చెక్క. మేడ మొత్తం మీద పద్ధతి ప్రకారం నమూనా తీసింది అదొక్కతే.

"కొత్త రంగంతా పాడుచేసింది. రెండు తగిలించకపోయారా పిన్నిగారూ" అంది పక్కింటావిడ.

తగిలించాను. పిల్ల ఏడవలేదు. ఈ మధ్య ఏడవడమే మానేసింది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటుంది. ఎంత బుద్ధిమంతురాలైందో అని మేడంతా మెచ్చుకుంటోంది.