ప్రాసెసర్‌కు వీడ్కోలు సభ

ప్రాసెసర్లు వస్తుంటాయి, పోతుంటాయి. మదర్‌బోర్డు మాత్రం శాశ్వతం. కంప్యూటర్ కంపెనీలు ఎన్నో పరిశోధనలు చేసి కనుక్కున్న ఈ సత్యాన్ని బీదర్‌లోని మా సంఘం కమిటీ ఏ పరిశోధనా లేకుండా ఎప్పుడో కనుక్కుంది. మాకు మూడేళ్ళకొకసారి పాస్టరు మారతాడు. కమిటీ మారదు. (ఇరవై రెండేళ్ళ కిందట ఒకసారి మారబోయింది. ఆ రోజు కరెంటు పోయి ఎన్నిక వాయిదా పడింది. వాయిదా ఇంకా అమల్లో ఉంది.)

అందుకే, చర్చి ఆఫీసు కంప్యూటర్‌లో బోర్డును ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చాలన్నప్పుడు, ఇది తమకు బాగా తెలిసిన పనేనని కమిటీ అనుకుంది. ప్రమాదం అక్కడే మొదలైంది.

అవసరం చిన్నది. కొల్హార్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే నథానియేల్ కూతురు క్రిస్టీకి నర్సింగ్ కాలేజీలో క్రైస్తవ కోటాలో సీటు వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు బాప్తిస్మ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు తర్వాతి పేరుకు పోతుంది. సర్టిఫికెట్ కంప్యూటర్‌లోంచే, నంబరుతోనే రావాలి. చేతిరాత చెల్లదని తీర్మానించింది మా కమిటీయే. నంబరిచ్చే కొత్త సాఫ్ట్‌వేర్‌కు పాత ప్రాసెసర్ చాలదు. పోనీ వేరే కంప్యూటర్ తెద్దామంటే, సాఫ్ట్‌వేర్ అనుమతి ఈ మదర్‌బోర్డు పేరు మీదే ఉంది. ఆఫీసు క్లర్కు హేబ్సిబా రెండు వారాలుగా ఆ సాఫ్ట్‌వేర్‌ను తెరుస్తూనే ఉంది. అది తెరుచుకుంటూనే ఉంది.

మంగళవారం రిపేరు షాపు నవనాథ్ వచ్చాడు. పెట్టె విప్పాడు. దుమ్ము ఊదాడు.

"బోర్డు మంచిగుంది సిలాసన్నా. దీంట్లనే పెద్ద ప్రాసెసర్ కూసుంటది. కని ఒక్క మాట. పాతది ఉండంగనే బోర్డుకు కొత్తదాని గురించి నేర్పియ్యాలె. పది నిమిషాల పని. అది నేర్చుకున్నంకనే పాతదాన్ని తీయాలె. ముందే తీస్తే కొత్తదాన్ని బోర్డు గుర్తు పట్టది."

కమిటీ కార్యదర్శి సిలాసు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంటే పోయేటిది, వచ్చేటిది ఒక్కటే దినం కాంపౌండ్‌ల ఉంటయా?"

"ఉంటేనే పని అయితది."

"మా దగ్గర నడవది."

నడవకపోవడానికి కారణం పద్నాలుగో నిబంధన. ఒకసారి బదిలీ అయిన పాస్టరు, కొత్తగా చేరవలసిన పాస్టరు ఒకే ఆదివారం చర్చిలో ఎదురుపడ్డారు. ఇద్దరూ ఆశీర్వాదం ఇవ్వడానికి లేచారు. ఎవరి ఆశీర్వాదం చెల్లుతుందో తేలక జనం మధ్యాహ్నం రెండు దాకా బెంచీల మీంచి కదల్లేదు. ఇళ్ళలో కూరలు చల్లారాయి. అప్పటి నుంచి, పోయేవారు పోయి ఒక రాత్రి గడిచాకే వచ్చేవారు రావాలి. నిబంధనలో పాస్టరు అన్న మాట లేదు. 'బాధ్యతలో ఉన్నవారు' అని ఉంది. ప్రాసెసర్ బాధ్యతలో లేదని బుధవారం నాటి సమావేశంలో ఎవరూ నిరూపించలేకపోయారు.

గురువారం పదకొండు గంటలకు వీడ్కోలు సభ. సిలాసు స్క్రూడ్రైవర్ పట్టుకుని స్వయంగా పాత ప్రాసెసర్‌ను ఊడదీశాడు.

"మామా, నవనాథన్న తీయొద్దన్నడు గదా," అంది హేబ్సిబా.

"నవనాథ్ కంప్యూటర్ల మనిషమ్మా. ఇది పరిపాలన."

ప్రాసెసర్‌ను పళ్ళెంలో తెల్ల గుడ్డ మీద పెట్టారు. శాలువా కప్పితే కనిపించడం లేదని మడిచి పక్కన పెట్టారు. తొమ్మిదేళ్ళలో ఒక్క రోజు సెలవడగలేదని ఒకరు, వేడెక్కినా నోరు జారలేదని మరొకరు మాట్లాడారు. ఇంత సేవ చేసినదాన్ని ఖాళీగా ఉంచడం మర్యాద కాదని హుమ్నాబాద్ శాఖకు బదిలీ చేసి, మధ్యాహ్నం బస్సులో పంపారు. అక్కడి కంప్యూటర్‌లో అది పట్టదు. (పట్టడం బదిలీకి షరతు కాదు.)

శుక్రవారం ఉదయం తొమ్మిదికి నవనాథ్ కొత్త ప్రాసెసర్‌ను కూర్చోబెట్టి బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. లైటు వెలిగింది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాడు. ఇంకా నల్లగా ఉంది.

అప్పుడు అతనికి అనుమానం వచ్చింది. "పాతది ఏడున్నదన్నా?"

"రిలీవ్ అయింది."

"రిలీవ్ అయి ఏడికి పోయింది?"

"హుమ్నాబాద్."

నవనాథ్ లేచాడు. బండి తాళం తీసుకున్నాడు.

పన్నెండింటికి హుమ్నాబాద్ నుంచి నవనాథ్ ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడోళ్ళు ఇస్తలేరు. నిన్ననే జాయిన్ అయిందంట. వాపస్ కావాలంటే నీ లెటర్ కావాలంట. అది గుడ ప్రింటు తీసిందే కావాలంట."

సిలాసు ముఖం వెలిగింది. "బరాబర్ అడిగిండ్రు. చేతిరాత చెల్లదని మేమే వాళ్ళకు చెప్పి పంపినం."

"ప్రింటు ఏడికెల్లి తీస్తవ్?"

"కంప్యూటర్‌కెల్లి."

ఫోన్‌లో లారీల హారన్ల మధ్య నవనాథ్ గొంతు పెంచాడు.

"జిరాక్స్ షాపుల తీపియ్యరాదు?"

"లెటర్‌హెడ్ కాంపౌండ్ దాటొద్దు నవనాథూ. రూలుంది."

మూడింటికి క్రిస్టీ వచ్చింది. కాలేజీ యూనిఫాంకు కొలతలిచ్చి నేరుగా వచ్చింది. విషయం విని, సిలాసు బల్ల ముందు నిలబడింది.

"మామా, నాకు బాప్తిస్మం ఇచ్చిన దినం నీళ్ళ గిన్నె పట్టుకున్నది నువ్వే గదా. ఫోటోల గుడ ఉన్నవ్. ఒక్క కాయితం మీద రాసియ్యి. కాలేజోళ్ళ కాళ్ళు నేను పట్టుకుంట."

"పట్టుకున్న బిడ్డా. నీళ్ళు సల్లగుండె. నువ్వు మస్తు ఏడ్చినవ్. అంత యాదుంది. కని నేను కంప్యూటర్ కాను గదా."

"ఇప్పుడు కంప్యూటర్ గుడ కంప్యూటర్ కాదు మామా," అంది హేబ్సిబా.

ఆ మాటను రికార్డులోకి తీసుకోలేదు.

ఐదైంది. కాలేజీ వాళ్ళు తర్వాతి పేరును పిలిచారు. (వాళ్ళకూ నిబంధనలున్నాయి.)

శనివారం ఉదయం నవనాథ్ ధన్నూరకు పోయి, బావమరిది కంప్యూటర్‌లోంచి అచ్చం అలాంటి పాత ప్రాసెసర్‌నే పీకి తెచ్చాడు. పది నిమిషాలు బోర్డుకు నేర్పాడు. తర్వాత కొత్తది పెట్టాడు. తెర వెలిగింది. (పాతదీ కొత్తదీ ఒకే రోజు కాంపౌండ్‌లో ఉన్నాయి కదా అని ఎవరో అడిగారు. బయటి నుంచి వచ్చినది అతిథి ప్రసంగీకుడి కిందికి వస్తుందని, అతిథులకు పద్నాలుగో నిబంధన వర్తించదని సిలాసు తేల్చాడు. ఈ సంగతి గురువారమే ఎందుకు తట్టలేదని ఎవరూ అడగలేదు.)

క్రిస్టీ సర్టిఫికెట్ వచ్చింది. నంబరు ఒకటి. కమిటీ దాన్ని మధ్యలో పట్టుకుని ఫోటో దిగింది.

"ఒక దినం లేటయింది గని, ఎంత సాఫ్‌గ వచ్చిందో చూడు," అన్నాడు సిలాసు.

ఆదివారం ఆరాధనలో క్రిస్టీ కోసం ప్రత్యేక ప్రార్థన జరిగింది. చేయించింది సిలాసే. ఈ బిడ్డకు సీటు ఎందుకు పోయిందో మానవ జ్ఞానానికి అందదని ఆయన గద్గద స్వరంతో ఒప్పుకున్నాడు. కమిటీ ఆమెన్ అంది. క్రిస్టీ కళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తూ కూర్చుంది.

ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు ఆమెను సంజాయిషీ అడగాలని కమిటీ నిర్ణయించింది. సంజాయిషీ ప్రింటు తీసి ఇవ్వాలి.