నారపరెడ్డి కారు తలంటు

మంత్రిగారు వచ్చిపోయేదాకా ఊరిబావిలో ఎవరూ కడవ ముంచరాదనీ, ఉన్న నీళ్ళన్నీ నారపరెడ్డిగారి కారు పరిశుభ్రత నిమిత్తం కేటాయించడమైనదనీ తలారి వీధివీధినా దండోరా వేశాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవి అది. ఊళ్ళో ఎండకుండా మిగిలిన బావి ఒక్కటే, అందులోనూ నీళ్ళు అడుగంటాయి. కనుక వాడకంలో క్రమశిక్షణ అవసరమని ఎవరైనా ఒప్పుకుంటారు.

నారపరెడ్డి బేతంచెర్ల రాతిగనుల ఆసామి, ముందుచూపు గల మనిషి. తాగునీటికి కొత్త బావి కావాలని ఊరు పెట్టుకున్న అర్జీలో మొదటి సంతకం ఆయనదే. ఆ అర్జీ విచారించడానికే మంత్రిగారు రైల్లో వస్తున్నారు. స్టేషను నుంచి ఆయన్ను తీసుకురాదగ్గ కారు ఆ చుట్టుపక్కల రెడ్డిగారిదొక్కటే.

చిక్కల్లా కారు లోపలే ఉంది. స్వదేశం వెళ్ళిపోయే ఒక దొర దగ్గర కొన్న నాటినుంచీ అది మనుషులతోపాటు వేరుశనగ బస్తాలనూ, పొట్టేళ్ళనూ మోసింది. కింద పరిచిన తివాచీ అసలు రంగేదో రెడ్డిగారికే గుర్తులేదు. సీటు గుడ్డమీద ఆయన తాంబూలం మరకలు దేశపటంలా పరుచుకున్నాయి. ప్రజాస్వామ్యం కూర్చోవలసిన చోటు అలా ఉండరాదని ఆయన నిజంగానే బాధపడ్డాడు. పైగా శాసనసభ టిక్కెట్టు ఇప్పించగలవారు ఆ మంత్రిగారే.

డ్రైవరు గాబ్రియేలు తివాచీని గోడమీద వేసి బాదితే లేచిన దుమ్ముకు ఎదురిల్లు కనపడలేదు. తరువాత కుంకుడు రసం, కొబ్బరిపీచు, నిమ్మచెక్కలు. కడవ వెనక కడవ. మురికినీళ్ళు వీధిలో పారుతుంటే, చాన్నాళ్ళకు నీటిధార చూసిన పిల్లలు సంబరపడ్డారు.

గనిలో రాళ్ళు మోసే భీమమ్మ ఖాళీ కడవతో వచ్చి నిలబడింది.

"రెడ్డీ, బిడ్డ జరంతో ఉండాది. గొంతు తడిపేదానికి ఒక చెంబన్నా ఇప్పిచ్చు."

"మంత్రి వస్తే నీకు కొత్త బావే వస్తాది గదమ్మా! ఒక్క పూట ఓర్చుకోలేవా?"

తన మాట రెడ్డికే ఎంతో నచ్చింది. రేపటి ఉపన్యాసంలో వాడుకోవాలనుకున్నాడు. భీమమ్మ గని గుంటలో నిలిచిన పచ్చనీళ్ళకోసం నడిచిపోయింది.

సాయంత్రం గాబ్రియేలు సీటు నొక్కి చూశాడు. "పైన ఆరింది గానీ, లోపల పీచు శానా నీళ్ళు తాగిండాది రెడ్డీ. ఇంకా ఎండలో పెట్టాల."

"పైకి తడి కనపడ్తాండాదా?"

"లేదు."

"మంత్రి లోపల యాడ చూస్తాడప్పా! పైన తెల్లదుప్పటి పరుచు."

పరిచారు. అత్తరు కూడా చల్లారు.

మంత్రిగారు భారీ మనిషి. గతుకు వచ్చినప్పుడల్లా సీటు తాను తాగిన నీళ్ళను నిజాయితీగా పైకి వదిలింది. ఊరు చేరేసరికి ఖద్దరు పంచె వెనకంతా తడిసిపోయింది. మంత్రిగారు కారు దిగి నేరుగా వేదిక దగ్గరికి నడిచారు. అనవలసింది వేదిక ఎక్కి అన్నారు.

"సోదరులారా! ఇక్కడ తాగునీరు లేదని నాకు అర్జీ అందింది. నేను స్వయంగా, ఆసీనుడనై విచారణ జరిపాను. కారు సీట్లకే ఇంత నీరు తాపగల గ్రామానికి కొరతేమిటి? మీకు రావలసిన కొత్త బావిని మీకంటే దప్పికగొన్న మరో గ్రామానికి మీ తరఫున నేనే త్యాగం చేస్తున్నాను. పరిశుభ్రతలో మాత్రం మీరు జిల్లాకే ఆదర్శం!"

బావి చేజారిందని నారపరెడ్డికి తెలిసిపోయింది. చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి. ఆయన్ను చూసి ఊరంతా కొట్టింది. మంత్రిగారు సంతోషించి టిక్కెట్టు ఖాయం చేశారు.

మరుసటి ఏడు ఎన్నికలనాడు భీమమ్మ బిడ్డను చంకనేసుకొని ఎండలో వరసలో నిలబడింది.

"ఎవురికేస్తావక్కా?" అని గాబ్రియేలు అడిగాడు.

"ఇంకెవురికి, నారపరెడ్డికే! మంత్రిని ఎరిగినోడు ఊర్లో ఆయప్పొక్కడే గదా. ఆయప్ప గెలవకపోతే మనకు బావి ఎవురు తెస్తారు?"