కాలేజీ కంటే ముందు పుట్టిన పూర్వ విద్యార్థులు

మంత్రి దక్షిణామూర్తిగారి ప్రకటన విని కృష్ణానది ఒక్క క్షణం ఆగిందని మా పత్రికలో రాశాను. నిజానికి ఆ పూట బ్యారేజీ గేట్లు మూసి ఉన్నాయి. అయినా ప్రకటన అంతటిదే.

"పామర్రు దగ్గర నందులంకలో డిగ్రీ కాలేజీ పెడుతున్నాం," అన్నారు మంత్రిగారు విజయవాడ సభలో. "స్థానికుల పిల్లలకూ, ఆ కాలేజీ పూర్వ విద్యార్థుల పిల్లలకూ ఫీజులన్నీ ప్రభుత్వమే కడుతుంది. వాళ్ళు నందులంకలోనే చదవాలన్న నిర్బంధం లేదు. బెజవాడలో చదవనీ, గుంటూరులో చదవనీ. చదువుకు హద్దులేమిటి?"

అది డెబ్బై నాలుగో సంవత్సరం. స్థానికుడెవడు, కానివాడెవడు అని ఆంధ్రదేశం రైళ్ళాపి, బస్సులు తగలబెట్టి, అలసిపోయి, ఢిల్లీ వాళ్ళిచ్చిన ఆరు సూత్రాలు మింగి పడుకున్న సమయం. మంత్రిగారు తన పథకానికి ఏడో సూత్రం అని పేరు పెట్టారు.

సభ అయ్యాక నేనొక్క సందేహం అడిగాను. "కాలేజీ ఇంకా కట్టలేదు కదండీ. పూర్వ విద్యార్థులు ఎక్కణ్ణుంచి వస్తారు?"

మంత్రిగారు నన్ను జాలిగా చూశారు. "కాలేజీ కట్టడానికి టైం పడుతుందయ్యా. అంతదాకా పాపం పూర్వ విద్యార్థులు ఆగాలా?"

ఆయన దూరదృష్టి నాకు అప్పుడు తెలిసింది.

కాలేజీకి స్థలం ఇచ్చినవాడు శౌరయ్య. ఇల్లూ, ఇంటి వెనక చేనూ కలిపి ఇచ్చేశాడు. శంకుస్థాపన రోజున మంత్రిగారు వేదిక మీద అతని చెయ్యి పైకెత్తి, "మీ అమ్మాయి చదువు నా పూచీ" అన్నారు. ఆ చెయ్యి దించేలోపు శౌరయ్య స్థలం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కూతురు మార్త ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసైంది. విజయవాడ ఆడపిల్లల కాలేజీలో బి.ఎస్సీ. సీటొచ్చింది. నెలాఖరు శనివారంలోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. అమ్మి కట్టడానికి శౌరయ్య దగ్గర ఏమీ లేదు. ఉన్నది కాలేజీకి ఇచ్చేశాడు.

ప్రిన్సిపాల్ సూర్యప్రకాశంగారి ఆఫీసు బసవపున్నయ్యగారి రైసుమిల్లులో, తవుడు బస్తాల పక్కన ఉండేది. బసవపున్నయ్యగారు మంత్రిగారి వియ్యంకుడు. శౌరయ్య వచ్చిన రోజున నేనూ అక్కడే ఉన్నాను.

"నీ నివాసం ఎక్కడ శౌరయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇప్పుడాండీ? కాలవ అవతల, మా బావమరిది గొడ్లసావిట్లో."

"కాలవ అవతల వేరే పంచాయితీ. నువ్వు స్థానికుడివి కావు."

"మా తాత కాడ్నించీ ఈ ఊరేనండీ. కాలేజీకి ఇచ్చింది నా ఇల్లేగా."

"నేనూ అదే చెబుతున్నాను. ఇచ్చేశావు. ఇచ్చేసిన ఇంట్లో ఎవరైనా ఉంటారా?"

శౌరయ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మరి లోకలోళ్ళు ఎవరండీ?"

"చాలామంది. అందరూ ఈ మిల్లులోనే కాపురం ఉంటున్నట్టు రికార్డయింది."

"నేను రోజూ ఇటే పోతానండీ. ఒక్కరూ కనపళ్ళేదు."

"ఎలా కనపడతారు? వాళ్ళుండేది బెజవాడలో."

శౌరయ్య అర్థమైనట్టు తలూపాడు. పెద్దవాళ్ళ మాట అర్థం కానప్పుడు అతను తలూపేవాడు. అయితే ప్రిన్సిపాల్ గారు కఠినాత్ములు కారు. లేచి అతన్ని గుమ్మందాకా సాగనంపారు.

"దిగులుపడకు. ఆదివారం పొద్దున మీ చేలోకి రా. పూర్వ విద్యార్థుల్ని తయారు చేస్తున్నాం."

ఆదివారం నాటికి పామర్రు పీరు సాహెబు షామియానా వేశాడు. బెంచీలు వచ్చాయి. విజయవాడ నుంచి అంబాసిడర్లూ, జీపులూ వచ్చాయి. వాటిలోంచి మిల్లర్లూ, కాంట్రాక్టర్లూ, పార్టీ కార్యకర్తలూ దిగారు. విద్యాతృష్ణ అలాంటిది. బట్టతల ఉన్నవాళ్ళు సైతం ముందు బెంచీలకోసం పోటీపడ్డారు.

నియమం సరళం. కాలేజీలో చేరాలి, క్లాసులో కూర్చోవాలి, లేచి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోయినవాడు పూర్వ విద్యార్థి. ప్రిన్సిపాల్ గారు దీన్ని డిస్కంటిన్యూ స్కీం అన్నారు.

ముందు ఉప్మా, తరువాత గంట. ప్రిన్సిపాల్ గారు చరిత్ర మేష్టారు. తుగ్లక్ ఢిల్లీ నుంచి రాజధానిని దౌలతాబాదుకు మార్చిన పాఠం ఎత్తుకున్నారు. తుగ్లక్ ఢిల్లీ దాటేలోపే మొదటి కారు నందులంక దాటింది. పాపం ఒంటెలు ఇంకా బయలుదేరలేదు, వెనక బెంచీలు ఖాళీ. బసవపున్నయ్యగారు, "మేష్టారూ, చాలా విజ్ఞానదాయకంగా ఉందండీ" అని లేచారు. వార్త పంపాలి కనక నేనూ లేచాను. ఆ విధంగా నేనూ నందులంక కాలేజీ పూర్వ విద్యార్థినే. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

డేరా తాళ్ళు దాటి వెనక్కి చూశాను. ఒక్కడు లేవలేదు. శౌరయ్య బెంచీ చివర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మేష్టారు చెబుతుండగా లేవడం మర్యాద కాదనుకున్నాడట.

పాఠం అయిపోయింది. శౌరయ్య చెయ్యెత్తాడు.

"ఒక్క మాటండీ. ఢిల్లీ వాళ్ళంతా దౌలతాబాదు వచ్చేశారన్నారు. మరి అప్పటికే ఆ ఊళ్ళో ఉన్నోళ్ళు ఎక్కడికి పోయారండీ?"

ప్రిన్సిపాల్ గారు పుస్తకం మూశారు. సర్వీసు మొత్తంలో ఆయన్ని ఎవరూ ప్రశ్న అడగలేదు. "అది వచ్చే క్లాసులో చెబుతాను," అన్నారు చివరికి.

చిక్కంతా అక్కడే వచ్చింది.

మర్నాడు సర్టిఫికెట్ల పంపకంలో శౌరయ్య పేరు పిలవలేదు. అతను వెళ్ళి అడిగాడు.

"నువ్వు లేచి వెళ్ళలేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "వెళ్ళనివాడు పూర్వ విద్యార్థి ఎలా అవుతాడు? నువ్వు ప్రస్తుత విద్యార్థివి."

"అయితే ఇప్పుడు ఎళ్ళిపోతానండీ. టి.సి. ఇప్పించండి."

ప్రిన్సిపాల్ గారు లేచి చేతులు జోడించారు. "నీకు దణ్ణం పెడతాను శౌరయ్యా, ఆ పని చెయ్యకు. కాలేజీ నడుస్తోందని హైదరాబాదుకు టెలిగ్రాం ఇచ్చాను. ఉన్న విద్యార్థివి నువ్వొక్కడివే. నువ్వు పోతే కాలేజీ లేదు. కాలేజీ లేకపోతే ఎవరి పిల్లలకూ ఫీజుల్లేవు."

గంటలో కబురు విజయవాడ చేరింది. సాయంత్రానికి కార్లు కాలవ గట్టున నిలబడ్డాయి. నిన్న లేచిపోయినవాళ్ళంతా అరటిపళ్ళతో గొడ్లసావిట్లోకి వచ్చారు. లేవకుండా కూర్చోమని మిల్లు ఓనర్లు వచ్చి బతిమాలిన రైతు కృష్ణాజిల్లా చరిత్రలో శౌరయ్య ఒక్కడే.

"బావగారూ, తొందరపడకండి," అన్నారు బసవపున్నయ్యగారు. అప్పటిదాకా శౌరయ్యను ఆయన ఒరేయ్ అనేవారు. "మా వాడు మెడిసిన్ చదువుతున్నాడు. ఐదేళ్ళు మీరు కదలకుండా కూర్చుంటే వాడు గట్టెక్కుతాడు."

"మా పిల్లకి ఈ శనివారమే గడువండీ."

"అదీ చూద్దాం. ముందు మీరు కూర్చోండి."

శౌరయ్య కూర్చున్నాడు. పొద్దున్నే కాలవ దాటి వచ్చి ఆ చేలో బెంచీ మీద కూర్చునేవాడు. పడగొట్టిన తన వంటిల్లు ఉన్నచోటే ఆ బెంచీ పడింది. ప్రిన్సిపాల్ గారు మిల్లు గుమ్మంలోంచి తొంగిచూసి, విద్యార్థి ఉన్నాడని నిర్ధారించుకుని లోపలికి పోయేవారు. పాఠం మాత్రం చెప్పలేదు. విద్యార్థిని పోగొట్టుకునే ప్రమాదం ఉందని భయపడ్డారు. శుక్రవారం మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారు. ఫీజుల ఆర్డర్ల మీద ఆయనే సంతకం పెట్టాలి.

గురువారం మధ్యాహ్నం శౌరయ్య భార్య అమలమ్మ అన్నం క్యారేజీ తెచ్చింది. వెంట మార్త వచ్చింది.

"నాన్నా, నువ్వు బి.ఏ. పాసవడానికి మూడేళ్ళు పడుతుంది. నా సీటు ఎల్లుండి దాకే ఉంటుంది," అంది మార్త.

"నేనేం చెయ్యనే? లేస్తే నేరం, కూర్చుంటే నేరం."

అమలమ్మ క్యారేజీ విప్పుతూ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "అందరూ లేచినప్పుడు లేవొద్దూ? పాఠం ఇన్నాడంట, పాఠం. ముప్పై ఏళ్ళ కాపరంలో నా మాట ఒక్కటి ఇన్నావా?"

"మేష్టారు చెబుతుంటే ఎట్టా లేస్తానే."

"జరుగు. నేను కూర్చుంటా."

ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చారు. "అమలమ్మా, అట్లా ఎవరు పడితే వాళ్ళు కూర్చోవడానికి లేదు."

మార్త నెమ్మదిగా అంది: "నాన్నకి టి.సి. ఇస్తే ఆయన పూర్వ విద్యార్థి కదండీ. మా అమ్మ పూర్వ విద్యార్థి భార్య. పిల్లలకి ఫీజులిస్తుంటే భార్యకి సీటివ్వరాండీ? మంత్రిగారి సూత్రం ప్రకారమే కదండీ."

ప్రిన్సిపాల్ గారు ఆలోచించారు. ఎంత ఆలోచించినా సూత్రంలో తప్పు కనపడలేదు. "చదవడం వచ్చా ఆవిడకు?"

"గుళ్ళో ప్రార్థన పుస్తకం చదివేది ఎవరనుకున్నారు?" అంది అమలమ్మ. "ఫాదరు గారు తడబడితే నేనే అందిస్తా."

"అదికాదు. ఆయన లేచి నువ్వు కూర్చునే మధ్యలో కాలేజీలో విద్యార్థి ఉండడు. ఆ క్షణంలో హైదరాబాదు నుంచి ఎవరైనా వస్తే?"

అందరం కాలవ గట్టు వైపు చూశాం. ఎవరూ రావడం లేదు. శౌరయ్య బెంచీ మీద అటు జరుగుతుంటే అమలమ్మ ఇటు నుంచి జరిగి కూర్చుంది. బెంచీ ఒక్క క్షణం కూడా ఖాళీ కాలేదు. పత్రికాప్రతినిధిగా దానికి నేను సాక్షిని. శౌరయ్య టి.సి. అందుకున్నాడు. ప్రవర్తన తృప్తికరం అని రాసి ఉంది.

శుక్రవారం మంత్రిగారొచ్చారు. రిబ్బను కత్తిరించారు. రిబ్బను అటువైపూ చేనే, ఇటువైపూ చేనే. బల్ల మీద ఫీజుల ఆర్డర్లు దొంతరగా పెట్టారు. మార్తది అన్నిటికన్నా అడుగున ఉంది. ఆ పిల్ల డేరా గుంజ పట్టుకుని ఆ దొంతర వైపే చూస్తోంది. మంత్రిగారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"ముందు విద్యార్థుల్ని చూస్తాను."

అమలమ్మ బెంచీ మీద గోంగూర ఒలుస్తోంది. మంత్రిగారు ఎదురుగా నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ వంగాడు.

"ఏం చదువుతున్నావమ్మా?"

ప్రిన్సిపాల్ గారు వెనక నుంచి సైగలు చేశారు. అమలమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. మార్త కళ్ళు మూసుకుంది.

"ఏమీ లేదు బాబూ. చెప్పేవాళ్ళు ఎవరూ రాలా."

ఆర్డర్ల దొంతర మీద కాగితాలు గాలికి కదిలాయి. మంత్రిగారు ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "లెక్చరర్లు లేరా?"

"పోస్టులు శాంక్షన్ కాలేదండీ."

మంత్రిగారి నుదురు ముడిపడింది. బసవపున్నయ్యగారు కుర్చీ అంచు పట్టుకున్నారు. మెల్లగా ఆ మహనీయుడి మొహం వెలిగింది. నేరుగా మైకు దగ్గరికి నడిచారు.

"సోదరులారా, లెక్చరర్లు వస్తారు, ఆలస్యంగానైనా వస్తారు. అంతదాకా మన రిటైర్డ్ లెక్చరర్లు ఆగాలా? నందులంక కాలేజీ రిటైర్డ్ లెక్చరర్ల సంక్షేమం కోసం ఈ క్షణమే ఒక కాలనీ ప్రకటిస్తున్నాను. ఎనిమిదో సూత్రం."

చప్పట్లు కాలవ అవతలికి వినపడ్డాయి. ఆ ఉత్సాహంలో మంత్రిగారు దొంతర మొత్తం మీద, ఒక్కటి కూడా చదవకుండా, సంతకాలు పెట్టారు. తనది చేతికి రాగానే మార్త ఎవరికీ చెప్పకుండా బస్సు రోడ్డు వైపు పరుగెత్తింది. విజయవాడ బస్సు ఆగడం, కదలడం డేరాలోంచి చూశాను.

ఈలోగా వచ్చినవాళ్ళంతా రిటైరవడానికి వరుస కట్టారు. ప్రిన్సిపాల్ గారు నన్ను, "మీరే సబ్జెక్టులో రిటైరవుతారు?" అని అడిగారు. తర్కశాస్త్రం అన్నాను.

బసవపున్నయ్యగారు కాలనీకి స్థలం కూడా అప్పటికప్పుడే చూశారు. వేలు కాలవ అవతలికి చూపించారు. "అదిగో, ఆ గొడ్లసావిడి ఉన్నచోటు. మెరక నేల. పెద్దవాళ్ళకి తేమ తగలదు." మంత్రిగారు వేదిక దిగి వచ్చి శౌరయ్య చెయ్యి పైకెత్తారు. ఫొటో తీశారు.

జనం పలచబడ్డాక శౌరయ్య ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చాడు. పైకెత్తిన చెయ్యి ఇంకా నొప్పిగా ఉందేమో, రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"మేష్టారూ, ఆ దౌలతాబాదులో ఉన్నోళ్ళు ఎక్కడికి పోయారో చెబుతానన్నారండీ."

ప్రిన్సిపాల్ గారు అప్పటికే మెడలో దండతో, వరుసలో ముందు నిలబడి ఉన్నారు.

"నువ్వు టి.సి. తీసుకున్నావు శౌరయ్యా," అన్నారు. "బయటివాళ్ళకు పాఠం చెప్పే రూలు లేదు."