పడకగదిలో పాసైన కోళ్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కాఫీ చల్లారినా పర్లేదు. మన ఎమ్మెంటాల్ లోయలో కోళ్లను పంజరాల్లో పెంచకూడదని చట్టం వచ్చిన ఏడాది బెత్లి అనే ఆవిడ ఇంట్లో జరిగిన సంగతిది.

ఆ ఉదయం తనిఖీ అధికారి బీరి గారు రావాలి. కొత్త షెడ్డు ఆయనకు నచ్చకపోతే బెత్లి ప్రాణంలా పెంచుకున్న కోళ్లన్నీ సాయంత్రం కసాయి లారీ ఎక్కాలి. లారీ కూడా మాట్లాడేశారు. అందుకని ఆమె మొగుడు గోడి షెడ్డులో గడ్డిపోచ లేకుండా ఊడ్చి, నేల కడిగి, గుడ్లు పెట్టే పెట్టె పెట్టెకీ ఒక బల్బు వేలాడదీశాడు.

"చూడవే, మన చర్చి కూడా ఇంత శుభ్రంగా ఉండదు!"

"అంత వెలుతుర్లో నువ్వయితే గుడ్డు పెడతావా?" అంది బెత్లి మేడమీది పడకగది నుంచి, ఈకల బొంతలు కిటికీలో ఆరవేస్తూ. అధికారి వచ్చే రోజు బొంతలు ఆరవేయకపోతే ఊరు ఊరుకుంటుందా మరి!

గోడి చివరి గడ్డిబుట్ట మోసుకెళుతూ షెడ్డు తలుపు వేయడం మరిచాడు. కోళ్లు తీరిగ్గా బయటికి నడిచి, గోడవారన పేర్చిన కట్టెల మీదుగా కిటికీ ఎక్కి, బొంతల్లో దూరాయి.

బీరి గారు వచ్చేసరికి షెడ్డు అద్దంలా మెరుస్తోంది.

"కోళ్లేవయ్యా?"

"ఇప్పుడే... షికారుకెళ్లాయండి."

పైనుంచి "కొక్కొక్కో" అని వినబడింది. గోడి పరుగున మేడెక్కి బొంత లాగాడు. అది జారి, కిటికీ కిందికి వచ్చిన బీరి గారి నెత్తిన పడింది. ఆయన అందులోంచి బయటపడేసరికి చేతిలో గుడ్డుంది.

"వెచ్చగానే ఉంది" అంటూ ఆయన మేడెక్కారు. మంచం తలాపు కొయ్య మీద కోళ్లు బారులు తీరి కూర్చున్నాయి. కొన్ని తెర చాటున గుడ్లు పెడుతున్నాయి. మరికొన్ని చినిగిన దిండు ఈకల్ని కాళ్లతో గీరుతున్నాయి.

"ఎక్కడానికి కొయ్య, గుడ్డు పెట్టడానికి చీకటి మూల, కాళ్లతో గీరడానికి మెత్తటి పొర. చట్టం అడిగినవన్నీ ఈ గదిలో ఉన్నాయమ్మా. మీ షెడ్డులో కొయ్యలు మాత్రమే ఉన్నాయి!"

"అయితే ఈ గదికే అనుమతివ్వండి బాబూ, మేం షెడ్డులో పడుకుంటాం!" అంది బెత్లి.

బీరి గారికి నవ్వాగలేదు. "మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాను. సరిచేసి చూపించండి."

బెత్లి ఆ మాట పూర్తికాకముందే తెరలు పీకింది. "ఏమయ్యా, చూస్తావేం? బల్బులు తీసెయ్! ఆ గడ్డి మళ్లీ మొయ్యి!" పెట్టెలకు తెరలు కట్టింది, నేలంతా గడ్డి పరిచింది, కోళ్లను చంకన పెట్టుకుని తెచ్చి దింపింది. ఒక ముసలి పెట్ట గడ్డి గీరి, చుట్టూ చూసి, తెర వెనక్కి పోయింది. కాసేపటికి గుడ్డు పెట్టి, లోయంతా వినబడేలా అరిచింది. దాని వెనకే మిగతావీ!

"పాస్!" అన్నారు బీరి గారు. సాయంత్రం వచ్చిన లారీవాడు బెత్లి పెట్టిన, జడలా అల్లిన రొట్టె తిని ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

బెత్లి గెలిచిన ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేముందు మాత్రం కిటికీలో బొంతలు తీసేయండి.